గూటిలోకి కొత్త కోడి: కలిపే ముందు ఇరవై ఒక్క రోజులు ఆగాలి

శాంతిపురం: సంతలో కోడిని బేరమాడటానికి పావుగంట పడుతుంది. ఇంటికి తెచ్చి, కాళ్లకు కట్టిన తాడు విప్పి, దొడ్డిలో వదలడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం తొందరే చాలా ఇళ్లలో గూడు ఖాళీ కావడానికి కారణమవుతోంది. ఒక కోడిని తెచ్చుకుని పది కోళ్లను పోగొట్టుకున్న ఇల్లాలు ప్రతి పల్లెలోనూ కనిపిస్తుంది. ఆమెను అడిగితే "తెగులు తగిలింది" అంటుంది. ఆ తెగులు ఏ దారిన వచ్చిందో మాత్రం గమనించి ఉండదు. అది తన సంచిలోనే వచ్చింది.

కుప్పం, పలమనేరు దారిలో ఉన్న శాంతిపురం మండలంలో పెరటి కోళ్లు లేని ఇల్లు అరుదు. అయిదారు పెట్టలు, ఒక పుంజు, వాటి వెనుక పిల్లలు. వాకిట్లో రాలిన రాగులు, కళ్లంలో మిగిలిన గింజ, దిబ్బలో పురుగు, వాటి మేత అంతే. పెట్టుబడి లేదు గనుక లెక్కా ఉండదు. కానీ పిల్లలకు పలకా పుస్తకమూ, బస్సు చార్జీ, ఇంటికొచ్చిన అల్లుడికి కూర, ఇవన్నీ ఆ గూటిలోంచే వస్తాయి. పాలడబ్బు ఇంటాయన చేతికి పోయినా గుడ్ల డబ్బు ఇల్లాలి కొంగుముడిలోనే ఉంటుంది. అందుకే గూడు ఖాళీ అయిన నష్టం ముందుగా ఆమెకే తగులుతుంది.

గూడు పలచబడినప్పుడల్లా కొత్తవాటిని తెచ్చి కలపక తప్పదు. మే నెలలో కుప్పం గంగమ్మ జాతరకు పుంజులు పోతాయి. సంక్రాంతికి కొన్ని, చుట్టాలకు కొన్ని. ముసలి పెట్ట గుడ్లు మానేస్తుంది. వాటి చోటికి సంత కోడి ఒకటి, పుట్టింటి నుంచి తెచ్చిన పెట్ట ఒకటి, సైకిలు మీద వచ్చిన రంగు పిల్లలు నాలుగు, ప్రభుత్వ పథకంలో దొరికిన వనరాజ పిల్లలు కొన్ని చేరతాయి. అన్నీ వేరు వేరు ఈడువి, వేరు వేరు చోట్లవి. వీటన్నిటినీ ఒకే రోజు ఒకే గూటిలోకి తోయడంలోనే చిక్కు ఉంది.

ఇక్కడి పట్టు రైతులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. జ్వరం లేచిన పురుగునూ, ఇంకా జ్వరంలో పడుకున్న పురుగునూ ఒకే తట్టలో వేసి ఆకు వేసే రైతు ఎవరూ ఉండరు. ఈడు కలవకపోతే పంట పోతుందని మల్బరీ నాటిన ప్రతి ఇంటికీ తెలుసు. అదే ఇంటి దొడ్డిలో మాత్రం మూడు వారాల కోడిపిల్లనూ మూడేళ్ల పెట్టనూ కలిపేస్తున్నారు.

చవక బేరం

కోళ్లను కలిపినప్పుడు కంటికి కనిపించేది పోట్లాట. అందరూ దానికే భయపడతారు. కనిపించని ప్రమాదం రోగం. అసలు భయపడవలసింది దానికి.

పెరటి కోళ్లకు పెద్ద శత్రువు కొక్కెర తెగులు. పశువైద్యులు దీన్ని రాణిఖేత్ వ్యాధి అంటారు. కుమావూ కొండల్లోని రాణిఖేత్ ఊళ్లో 1920ల చివర దీన్ని గుర్తించారు గనుక మన దేశంలో ఆ పేరు స్థిరపడింది. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పారుడు, నోరు తెరచి ఎగశ్వాస, మెడ తిరిగిపోవడం, కాళ్లూ రెక్కలూ పడిపోవడం దీని గుర్తులు. టీకా లేని గూటిలో పడితే మిగిలేవి ఒకటో రెండో.

ఇక్కడ నిష్ఠూరమైన మాట ఒకటి చెప్పక తప్పదు. ఒక వీధిలో తెగులు మొదలైందని తెలియగానే, ఇంకా నిలబడి ఉన్న కోళ్లను పట్టుకుని సంతకు పరుగెత్తడం మన పల్లెల్లో ఉన్న అలవాటు. చచ్చేలోపు నాలుగు రూపాయలు చేసుకుందామన్న ఆలోచన అది. ఆ కోడి మామూలు ధర కంటే తక్కువకే దొరుకుతుంది. కొన్నవారు చవకగా వచ్చిందని సంతోషిస్తారు. శాంతిపురం వంటి చోట ఇది మరీ ప్రమాదం. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు, మధ్యలో మనం. మూడు రాష్ట్రాల కోళ్లూ బస్సుల్లో, మోపెడ్ల మీద, గంపల్లో తిరుగుతూనే ఉంటాయి. ఏ కోడి ఏ ఊరి గాలి పీల్చి వచ్చిందో అమ్మేవాడికీ తెలియదు.

రోగం లోపల చేరిన కోడి వెంటనే పడిపోదు. కొక్కెర తెగులు రెండు రోజుల నుంచి రెండు వారాల్లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు. దీనికి పూర్తి గడువు ఇరవై ఒక్క రోజులుగా నిపుణులు లెక్క కట్టారు. ఈ అంకెను గుర్తుంచుకోవడానికి ఏ ఇల్లాలూ కష్టపడనక్కరలేదు. గుడ్డు పొదిగి పిల్ల కావడానికి పట్టే రోజులు కూడా అన్నే. కొత్తగా తెచ్చిన కోడిని కూడా ఒక గుడ్డు పొదిగినన్ని రోజులు విడిగా పెట్టాలి. నెల రోజులు పెట్టగలిగితే మరీ మంచిది.

విడిగా అంటే అదే దొడ్డిలో రెండో గంప కింద అని కాదు. ఇంటికి అటువైపున, మేకల కొట్టంలోనో వసారాలోనో, పాత కోళ్లు తిరగని చోట ఉంచాలి. ఎంత దూరమైతే అంత మేలు. కోళ్లు లేని బంధువుల ఇల్లు పక్కనే ఉంటే ఇంకా మంచిది. నీళ్ల ముంత, మేత పళ్లెం వాటికి వేరుగా ఉండాలి. పొద్దున మేత వేసేటప్పుడు ముందు చిన్న పిల్లలకు, తరువాత పాత కోళ్లకు, చివరగా కొత్తవాటికి వేయాలి. ఆ తరువాత కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. ఈ వరస తిరగబడితే ఎంత దూరంగా పెట్టినా లాభం లేదు. రోగాన్ని మోసేది కోడి ఒక్కటే కాదు, మేత వేసే మనిషి అరికాలు కూడా.

ఈ రోజుల్లో చూడవలసినవి చూడాలి. ముక్కు కారుతున్నదా, కన్ను వాచిందా, రెట్ట ఎలా ఉంది, తురాయి మీద పొక్కులున్నాయా, రెక్కల కింద పేలున్నాయా అన్నది గమనించాలి. నట్టల మందు పశువైద్యశాలలో అడిగి ఈ గడువులోనే పట్టించాలి.

జలుబు పట్టి తేరుకున్న కోడి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అది పైకి దిట్టంగా కనిపిస్తుంది, గుడ్లు పెడుతుంది, అయినా రోగాన్ని లోపల మోస్తూనే ఉండవచ్చు. ఇలాంటిదాన్ని కనిపెట్టడానికి అనుభవజ్ఞులు ఒక ఉపాయం వాడతారు. గడువు ముగిసే ముందు పాత కోళ్లలో ఒకదాన్ని తీసుకెళ్లి కొత్తవాటితో వారం రోజులు ఉంచుతారు. దానికి ఏమీ కాకపోతే మిగతావాటిని కలుపుతారు. ఏమైనా అయితే పోయేది ఒక్కటే. ఉపాయం కఠినమైనదే, కానీ పది కోళ్లను కాపాడుతుంది.

ఒక్క సీసా, వీధికంతా

కొక్కెర తెగులుకు మందు లేదు, టీకా ఉంది. పిల్లకు అయిదు నుంచి ఏడు రోజుల్లోపు లసోటా టీకా కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క వేస్తారు. నెల లోపు మళ్లీ ఒకసారి వేస్తారు. ఎనిమిది వారాలకు ఆర్‌2బి అనే సూది మందు ఇస్తారు. రాణిఖేత్ ఉన్న ఆ కొండల్లోనే ముక్తేశ్వర్ పరిశోధనశాల ఉంది. ఆర్‌2బి బీజం అక్కడ తయారైనదే.

పల్లెల్లో దీనికి అడ్డు వస్తున్నది టీకా ధర కాదు, సీసా. ఒక్కో సీసాలో వంద కోళ్లకు, అంతకు మించి సరిపడే మందు ఉంటుంది. కలిపిన రెండు మూడు గంటల్లో వాడేయాలి. మంచులో పెట్టి తేవాలి. ఎండలో జేబులో పెట్టుకుని తెచ్చిన సీసా నీళ్లతో సమానం. ఎనిమిది కోళ్లున్న ఇల్లాలు ఒక్కతే ఈ పని చేయలేదు. వీధిలో పదిమంది ఒకే రోజు అనుకుని, పశువైద్యశాలలో ముందుగా చెప్పి, తెల్లవారుజామున కోళ్లు గూటిలో ఉండగానే వేయించుకుంటే అందరికీ సరిపోతుంది. పక్కింటి కోళ్లూ మన కోళ్లూ ఒకే దిబ్బ మీద గీరుతాయి గనుక ఒక ఇంటివారు వేయించి పక్కవారు మానితే సగం పనే అయినట్టు.

టీకా వేసిన మరునాడే బలం రాదు. సుమారు రెండు వారాలు పడుతుంది. కాబట్టి కొత్త కోళ్లు తేవాలనుకున్నవారు ముందు ఇంట్లో ఉన్నవాటికి వేయించి, రెండు వారాలు ఆగి అప్పుడు సంతకు పోవాలి. అప్పటికే నీరసంగా ఉన్న కోడికి సూది వేయించకూడదు.

బర్డ్ ఫ్లూ సంగతి వేరు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోనూ, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోనూ అది బయటపడింది. అలాంటి కబురు విన్న రోజుల్లో కొత్త కోడిని ఎక్కడి నుంచీ తేకూడదు. కోళ్లు ఉన్నట్టుండి గుంపుగా చనిపోతే చేత్తో ముట్టకుండా పశువైద్యునికి కబురు చేయాలి. ఏ రోగంతో చచ్చిన కోడినైనా వంకలో పారేయకుండా లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలి.

పొదుగు పెట్ట చేసే పని

ఇక ఈడు సంగతి. చిన్న పిల్లలను పెద్ద గుంపులో కలపడానికి మనిషి పడే పాట్లన్నీ ఒక నాటు పెట్ట సులువుగా చేసేస్తుంది. తల్లి వెంట తిరిగే పిల్లను మరో పెట్ట ముక్కుతో తాకబోతే తల్లి ఈకలు విచ్చి మీద పడుతుంది. గద్ద నీడ పడితే రెక్క కింద దాచుతుంది. ఏది తినాలో ఏది తినకూడదో చూపిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచి తల్లి వదిలేసేసరికి ఆ పిల్లలు గుంపుకు కొత్తవి కావు. వరసలో అట్టడుగున ఉంటాయి, అంతే.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ జాతులు నాటు పెట్ట కంటే రెట్టింపు, అంతకు మించి గుడ్లు పెడతాయి. ఆ మాట నిజమే. కానీ అవి పొదుగుకు కూర్చోవు. గుడ్ల ఆశతో నాటు పెట్టలన్నిటినీ అమ్ముకున్న ఇంట్లో ఆ తరువాత ప్రతిసారీ పిల్లలను బయటి నుంచే తేవాలి, ప్రతిసారీ కలపాలి, ప్రతిసారీ భయపడాలి. గూటిలో రెండు నాటు పెట్టలైనా ఉంచుకోవడం అందుకే తెలివైన పని. తమ గుడ్లు పెట్టినా పెట్టకపోయినా, ఇతర పెట్టల గుడ్లను పొదిగి పెడతాయి.

బయటి నుంచి తెచ్చిన పిల్లలను కూడా ఆ పెట్టకే అప్పజెప్పవచ్చు. దానికి కొన్ని పద్ధతులున్నాయి. పెట్ట పొదుగుకు కూర్చుని కనీసం రెండు వారాలు దాటి ఉండాలి. మూడు వారాలైతే ఇంకా నమ్మకం. పిల్లల వయసు ఒకటి రెండు రోజులకు మించకూడదు. చీకటి పడ్డాక, దీపం లేకుండా, ఒక్కొక్కదాన్నే రెక్క కిందికి జరిపి, కింద ఉన్న గుడ్లను ఒక్కొక్కటే తీసేయాలి. తెల్లవారేసరికి పెట్ట గొంతు మారి పిల్లలను పిలిచే కూత మొదలైతే ఒప్పుకున్నట్టే. వెలుగు రాకముందే మనిషి అక్కడ ఉండాలి. ఒప్పుకోని పెట్ట పిల్లలను పొడిచి చంపడానికి ఎంతోసేపు పట్టదు. వారం దాటిన పిల్లను ఏ పెట్టా తనదనుకోదు, ఆ పిల్ల కూడా పెట్టను తల్లి అనుకోదు.

రెండు పెట్టలు వారం తేడాతో పిల్లలను తీస్తే ఒకదాని పిల్లలను మరొకటి పొడుస్తుంది. ఇద్దరి పిల్లలూ బిక్కుబిక్కుమంటాయి. రెండు పెట్టలనూ ఒకే రోజు పొదుగుకు కూర్చోబెడితే ఆ తగాదా ఉండదు. పిల్లలన్నిటినీ ఒకదాని కిందే చేర్చి, రెండోదాన్ని గుడ్లకు వదిలేయవచ్చు.

పాతకాలపు అవ్వలు చేసే పని ఇంకొకటి ఉంది. పొదుగుకు పెట్టిన గుడ్లన్నిటికీ బొగ్గుతో గీత గీస్తారు. పెట్ట మేతకు లేచినప్పుడు వేరే పెట్టలు అదే తట్టలో గుడ్లు పెట్టి పోతుంటాయి. గీత లేని గుడ్డును ఏ రోజుకారోజు తీసేయాలి. తీయకపోతే మొదటి పిల్లలు లేచి తిరుగుతుంటే తల్లి వాటి వెంట వెళ్లిపోతుంది, వెనక వచ్చే పిల్లలు గుడ్డులోనే చస్తాయి. ఈడు తేడా వల్ల జరిగే నష్టం గూటిలో కాదు, తట్టలోనే మొదలవుతుందన్నమాట.

రంగు పిల్లల సంగతి

ఎండాకాలం సెలవుల్లో సైకిలు గంపలో ఎరుపు, పచ్చ, ఊదా రంగులు పూసిన కోడిపిల్లలు వస్తాయి. ఇంట్లో పిల్లలు ఏడ్చి సాధిస్తారు. ఇవి చాలావరకు గుడ్ల కోళ్ల హేచరీల్లో వద్దనుకున్న పుంజు పిల్లలు. టీకా పడిందో లేదో చెప్పేవారు లేరు. తల్లి లేదు, వెచ్చదనం లేదు. మొదటి వారం ఈ పిల్లకు మనిషి ఒంటివేడికి కొద్దిగా తక్కువగా, తొంభై అయిదు డిగ్రీల వెచ్చదనం కావాలి. వారానికి అయిదు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. అట్టపెట్టెలో ఊక పరచి పైన బల్బు వేలాడదీస్తే సరిపోతుంది. పిల్లలు బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడుతుంటే చలి ఎక్కువైనట్టు, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు.

వీటిని పెద్ద కోళ్ల మధ్య వదిలితే రంగు చూసే పొడుస్తాయి. అది అటుంచి, పెద్ద కోళ్ల రెట్టలో ఉండే రక్తపారుడు క్రిములు పెద్దవాటికి ఏమీ చేయవు, మూడు నుంచి ఆరు వారాల పిల్లలను మాత్రం చంపుతాయి. పెద్దవి వాటిని చిన్నతనంలోనే తట్టుకుని ఉంటాయి. తల్లి లేని పిల్లలను ఒంటరిగా, పొడినేల మీద పెంచమనడం అందుకే. అవి పెద్దవాటికి దగ్గర సైజుకు వచ్చేదాకా, అంటే మూడు నాలుగు నెలలు ఆగి కలపాలి.

మేతలోనూ ఈడు తేడా చూడాలి. దుకాణంలో దొరికే గుడ్ల కోళ్ల దాణాలో సున్నం పాలు ఎక్కువ. గుడ్డు పెంకుకు అది కావాలి. అదే దాణా నెలల తరబడి తిన్న పిల్లకు మూత్రపిండాలు చెడిపోతాయి. అన్నీ కలిసి తినే చోట పెరిగే పిల్లల దాణా వేసి, పెట్టలకు గుల్లల నూక వేరే చిప్పలో పెడితే చాలు. కావలసినది అదే తింటుంది. పిల్లల మేత పెద్దవి దోచుకోకుండా గంపను నాలుగు రాళ్ల మీద ఎత్తి బోర్లిస్తారు. ఆ సందులోంచి పిల్లలు దూరతాయి, పెద్దవి దూరలేవు. లోపల నూకలు వేస్తే వాటి తిండి వాటిదే. తరిమినప్పుడు తలదాచుకునే చోటూ అదే.

గంప కింద ఒక వారం

రోగపు గడువు దాటాక పోట్లాట వంతు వస్తుంది. కోళ్ల గుంపులో ఎవరు ఎవరిని పొడవాలో, ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో ఒక వరస ఉంటుంది. నార్వే దేశపు షెల్డెరుప్ ఎబ్బె అనే ఆయన చిన్నతనం నుంచీ కోళ్లను చూస్తూ ఈ సంగతిని 1921లో శాస్త్రంగా ప్రకటించాడు. మన అవ్వలు దీన్ని శాస్త్రమనుకోలేదు గానీ, ఏ పెట్ట ముందు మేతకు వస్తుందో, ఏది చివర నిలబడుతుందో ప్రతి ఇంట్లో చెప్పగలరు. కొత్త కోడి వచ్చిందంటే ఆ వరస మళ్లీ మొదటి నుంచి తేలాలి.

అందుకే వెంటనే వదలకుండా, పాత కోళ్లు తిరిగే చోటనే కొత్తవాటిని గంప కిందో వలజాలి వెనకో వారం రోజులు ఉంచాలి. ఒకదాన్నొకటి చూస్తాయి, కూత వింటాయి, జాలి సందుల్లోంచి ఒకటి రెండు సార్లు ముక్కు ఆడిస్తాయి. దెబ్బ మాత్రం తగలదు. ఒక్క కోడిని ఎన్నడూ కలపకూడదు. రెండో మూడో కలిసి వస్తే పొడుపు పంచుకుంటాయి, ఒక్కటే అయితే అన్నిటి కోపమూ దాని మీదే. సైజులో మరీ తేడా ఉన్నవాటిని కలపకూడదు. పుంజును తేవాలంటే ముందు పాత పుంజు సంగతి తేల్చుకోవాలి. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. అందులో పందెం జాతి రక్తం ఉంటే రెండో పుంజు మాట తలపెట్టనే కూడదు.

కలిపే రోజు మేత ఒక్కచోటే పోయకుండా మూడు నాలుగు చోట్ల చల్లాలి. నీళ్ల ముంతలూ అంతే. దొడ్డిలో ఒక వాలు పలక, బోర్లించిన గంప, పుల్లల కుప్ప ఉంటే తరుముతున్న కోడి కళ్లనుంచి తప్పుకోవడానికి చోటు దొరుకుతుంది. రాత్రి కోళ్లు గూడెక్కాక కొత్తవాటిని పక్కన కూర్చోబెట్టడం మంచి పద్ధతే. చీకట్లో కోడికి కళ్లు కనబడవు, పోట్లాట రాదు. కానీ గూడు ఇరుకైతే తెల్లవారుజామున తలుపు తీసేలోపే రక్తం వస్తుంది. ఒక్కో పెట్ట రెక్క విప్పుకునేంత చోటు ఉండాలి. ఈ ప్రాంతంలో ఏనుగులు పొలంలో దిగితే పత్రికల్లో వస్తుంది, ముంగిస గూటిలో దూరితే రాదు. ఇల్లాలికి రెండూ నష్టమే గనుక గూటి తలుపు గొళ్లెం కూడా ఒకసారి చూసుకోవాలి.

రెండు మూడు రోజులు తరుములాట, తల మీద పొడుపు, కొత్తవి మూల నిలబడటం మామూలే. విడదీస్తే లాభం లేదు, మళ్లీ కలిపినప్పుడు మొదటికొస్తుంది. రక్తం కనబడితే మాత్రం వెంటనే తీయాలి. ఎర్రటి చుక్క చూస్తే గుంపంతా అక్కడే పొడుస్తుంది. గాయానికి పసుపూ వేపనూనె రాసి, ఎరుపు కనబడకుండా ఆరాకే వదలాలి. ఒక కోడిని అదే పనిగా వెంటాడే పెట్ట ఉంటే, దెబ్బలు తిన్నదాన్ని కాక వెంటాడేదాన్నే మూడు రోజులు గంప కింద పెట్టాలి. అది తిరిగి వచ్చేసరికి మిగతావి సర్దుకుని ఉంటాయి, ఈసారి కొత్తదనం దానిదవుతుంది.

కొత్త పెట్టలు కలిసిన తరువాత వారం పది రోజులు గుడ్లు తగ్గుతాయి. చాలామంది ఇది చూసి "కోడి మంచిది కాదు" అని మళ్లీ సంతకు పట్టుకుపోతారు. తొందర అక్కరలేదు. పొద్దున రాగులు చల్లినప్పుడు కొత్తది మూలలోంచి నాలుగడుగులు ముందుకు వచ్చి, పాత పెట్ట ఒక్క పొడుపు పొడిచి మళ్లీ తన మేతలో పడిందంటే, వరస తేలినట్టే. ఆ వారంలో ఏదో ఒక రోజు గడ్డివాములో గుడ్డు దొరుకుతుంది.